తాడ్వాయి దారిలో మామ ఆపించిన లారీ

దవాఖానకు సద్ది తీసుకుపోదామని గిన్నెకు మూత పెడుతున్నప్పుడు ఫోను మోగింది. మా ఆయన గొంతు మామూలుగానే ఉంది. "బాపు పోయిండు. నువ్వు రాకు, మేమే వస్తానం," అన్నాడు. నేను స్టవ్ ఆపాను. గిన్నెను మళ్లీ గట్టు మీద పెట్టాను.

మా మామకు ఊపిరితిత్తులు చాలా కాలంగా పాడయ్యాయి. డాక్టర్లు ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఈ కబురు మాకు పిడుగేమీ కాదు. అయినా ఆ నిమిషంలో నాకు గుర్తొచ్చింది దవాఖాన మంచం మీది ఆయన ముఖం కాదు. అడవి రోడ్డు మీద, తెల్లటి ఆవిరిలో, తన చేతిని తానే వింతగా చూసుకుంటూ నిలబడిన మనిషి గుర్తొచ్చాడు.

ఇది చదివేవాళ్లలో ఆయన్ను ఎరిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కన మా వాడలో మాత్రం ఆయన్ను చాలా ఏళ్లపాటు పిరికి డ్రైవర్ అన్నారు. ముందు నవ్వుతూ అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు. ఆ మాట గురించే నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

డోర్నకల్ దగ్గరి పల్లెలో పుట్టి, వయసులో ఉండగానే వరంగల్ వచ్చి, పత్తి బేళ్లూ మిర్చి బస్తాలూ మోసే లారీల మీద బతికిన మనిషి ఆయన. చివరికి తనదంటూ ఒక పాత లారీ కొనుక్కున్నాడు. ఇప్పటి లారీల్లా మొహం చదునుగా ఉండేది కాదు, ముందు మూతి పొడుచుకుని ఉండేది. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. నేను వచ్చేసరికి ఇంట్లో తండ్రీ కొడుకూ, వాకిట్లో ఆ లారీ ఉన్నారు. వరండాలో నా కుట్టుమిషన్ వేసుకున్నాను. తల ఎత్తితే లారీ మూతి కనిపించేది.

ఇంజన్ పక్కన గడిపిన ఏళ్లు మామ చెవులను తినేశాయి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. కంటికి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ కొడుక్కు అప్పగించి తాను పక్కన కూర్చునేవాడు. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు వరండా మెట్టు మీద నిలబడి, "బిడ్డా, నీ చెవులు మంచిగున్నయా?" అని అడిగాడు. ఎవరైనా పిలిస్తే నేను పలకలేదని ఎవరో చెప్పి ఉంటారేమో అనుకుని భయపడ్డాను. బాగానే ఉన్నాయన్నాను.

"అయితె జర బయటికి రా. ఇది ఏమంటాందో ఇని చెప్పు."

అట్లా మొదలైంది మా ఇద్దరి స్నేహం. బెల్టు జారితే ఎట్లా కీచుమంటుందో, నీళ్లు తక్కువైతే రేడియేటర్‌లో ఎట్లా గుడగుడలాడుతుందో ఆయన చెప్పేవాడు, నేను వినేదాన్ని. బానెట్ దగ్గరికి పోయేముందు కొంగు నడుముకు చెక్కుకోమనేవాడు. "ఫ్యానుకు చుట్టాలుండరు బిడ్డా," అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఇంజన్ నడుస్తుండగా ఫ్యానుకు సరిగ్గా పక్కన ఎవరైనా నిలబడితే, మాట్లాడకుండా భుజం పట్టి రెండడుగులు వెనక్కి జరిపేవాడు. చాయ్ తెచ్చినవాడినీ, ఇంటికొచ్చిన చుట్టాన్నీ, ఒకసారి కాగితాలు చూస్తున్న పోలీసాయననూ అట్లాగే జరిపాడు. ఆ పోలీసాయన గుర్రుగా చూస్తే నవ్వి ఊరుకున్నాడు. దాంతో పిరికి అన్న పేరు ఇంకాస్త గట్టిపడింది.

ఆ ఏడు పత్తి దిగుతున్న రోజుల్లో లారీ వేడెక్కడం మొదలైంది. ధర్మసాగర్ వైపు లోడు దింపి, ఖాళీ బండితో తిరిగి వస్తుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కిందని మా ఆయన వచ్చి చెప్పాడు. పొద్దున్నే, మంచు ఇంకా వదలని వేళ. మామ నొసలు ముడిచాడు. "ఎండల వేడెక్కితె అది ఎండ. చలిల వేడెక్కితె అది బండి," అన్నాడు.

మొదట రేడియేటర్ చూశారు. సన్నటి రేకుల మధ్య పత్తి నూగు పట్టి, దుమ్ముతో కలిసి బొంతలా అట్టకట్టింది. మామ మెత్తటి బ్రష్‌తో దులిపి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాడు. ముల్లు దిగింది. నాలుగు రోజులకు మళ్లీ ఎక్కింది. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూస్తే వదులుగా ఉంది, బిగించారు. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. రేడియేటర్ కింద ఉండే రబ్బరు పైపు, ఇంజన్ రేజ్ చేసినప్పుడల్లా లోపలికి పీల్చుకుని చప్పిడి బుగ్గల్లా అతుక్కుపోవడం నేనే చూసి చెప్పాను. ఇంజన్ నిదానంగా ఉంటే పైపు మామూలుగానే కనిపించేది. మామ సంతోషంతో నా తల నిమిరాడు. పైపు మార్చారు. వారం బాగుంది.

తర్వాత ఆయన తప్పు చేశాడు. నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు బిగుసుకుందని తేల్చి, దాన్ని తీయించేశాడు. బండి ఇంకా ఎక్కువ వేడెక్కింది. "నా అంచనా తప్పింది కొడుకా, మల్ల పెట్టియ్యి," అని అందరి ముందే ఒప్పుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన మారిపోయాడు. మధ్యాహ్నం పూట లారీ క్యాబిన్‌లో పడుకుని కునుకు తీసే మనిషి, ఆ పని మానేశాడు. వరండాలో నా మిషన్ పక్కన కూర్చుని బండిని చూస్తూ ఉండేవాడు. జబ్బును ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట లేస్తున్నట్టు, లోపల ఉన్నదేదో తమతో దాగుడుమూతలు ఆడుతున్నట్టు ఆయనకు అనిపించేదని తర్వాత చెప్పాడు.

ఒకరోజు నా దగ్గర ఒక బ్లౌజు ముక్క అడిగి తీసుకున్నాడు. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ ముందు జాలీకి ఆ గుడ్డను ఆనించి వదిలాడు. ఫ్యాను గాలి బాగా లాగితే గుడ్డ అక్కడే అంటుకుని ఉండాలట. అది కాసేపు అంటుకుంది, వణికింది, జారి నేల మీద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. సరిగ్గా అప్పుడే నాకు ఆ చప్పుడు మొదటిసారి వినిపించింది. ఇంజన్ మోత కింద, చెంచా గిన్నె అంచుకు తగులుతున్నట్టు సన్నగా, లెక్కగా. మామకు చెప్పాను. ఆయన తల పక్కకు వంచి చాలాసేపు ప్రయత్నించాడు. వినిపించలేదు.

షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ ఫ్యాను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూశాడు. వాటర్ పంపు బేరింగ్ అరిగిపోయి ఫ్యాను ఊగుతోందన్నాడు. పంపు మార్చారు. ముల్లు దిగింది, ఈసారి దిగినచోటే నిలబడింది. చప్పుడు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదని ఇద్దరికీ చెప్పాను. బానెట్ గొళ్లెం వదులైందని మా ఆయన అక్కడ ఒక రబ్బరు ముక్క పెట్టి కట్టాడు. ఆ తర్వాత చప్పుడు వినిపించలేదు. మామ ముఖం మాత్రం తేటపడలేదు.

మేడారం జాతరకు ఇంకా కొన్ని వారాలున్నాయి. రద్దీ పెరగకముందే పోయి వద్దామని మా వాడవాళ్లు లారీ అడిగారు, మా ఆయన ఒప్పుకున్నాడు. పక్కింటి అవ్వ తన ఎత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకుంది. అందరూ సామాను సర్దుకున్నారు. ముందురోజు సాయంత్రం తండ్రీకొడుకులు వరండాలోనే మాట్లాడుకున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు.

"బేరింగ్ ఉట్టిగనె పోదు," అన్నాడు మామ. "అది పోయేటట్టు చేసింది ఇంకోటేదో ఉన్నది. ఫ్యాను ఇప్పి చూద్దాం. ఒక్కదినం ఆగు."

"ఇంకేముంటది బాపు? నడిపి చూసిన గద. ముల్లు సగం సుత దాటలే."

"నాకు తెల్వది."

"తెల్వనిదానికి ఇంతమందిని ఆపుమంటవా?"

"తెల్వది కాబట్టే ఆపుమంటాన."

మా ఆయన్ను నేను తప్పుపట్టను. మొక్కు ఉన్నవాళ్లు వాకిట్లోకి వచ్చి ఎన్నింటికి బయల్దేరాలని అడుగుతున్నారు. ఏముందో చెప్పలేని భయాన్ని చూపించి వాళ్లను వెనక్కి పంపడం ఏ డ్రైవర్‌కైనా కష్టమే. మామ ఇక వాదించలేదు. తాను కూడా వస్తానన్నాడు. లోపలికి వచ్చి, మా పాపను మాత్రం మా అమ్మ దగ్గర వదిలి రమ్మని నాతో మెల్లగా చెప్పాడు. ఆ మాట మా ఆయన చెవిన పడింది. ఆయన ముఖం నల్లబడింది. పాపను మా అమ్మ దగ్గర దింపి వచ్చాను.

మర్నాడు పొద్దున ఎండ కళకళలాడుతోంది. వెనక ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు, డప్పు మోగుతోంది. క్యాబిన్‌లో మేం ముగ్గురం. మామ కిటికీలోంచి చూడలేదు, దారి చూడలేదు, ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర అందరిలాగే ఆగి కొబ్బరికాయ కొట్టాం. జ్వరం చూసినట్టు బానెట్ మీద చేతి వెనక భాగం ఆనించి, నన్ను వినమని సైగ చేశాడు మామ. మైకులు, ఈలలు, హారన్లు. ఆ గోలలో నాకేమీ వినిపించలేదు. అదే చెప్పాను. ఆయన తల ఊపి బండి ఎక్కాడు.

పస్రా దాటి తాడ్వాయి దారి పట్టాక రెండు వైపులా అడవి దగ్గరికి వచ్చింది. వెనక పాడేవాళ్లు అలసిపోయి ఊరుకున్నారు. డప్పు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెంచా మళ్లీ గిన్నెకు తగలడం మొదలుపెట్టింది. ఈసారి త్వరత్వరగా, తొందరపెడుతున్నట్టు. మామ బాగున్న చెవి దగ్గరికి వంగి, "మామా, మల్ల మొదలైంది," అన్నాను. ముల్లు కూడా కదిలింది.

పక్కకు ఆపమన్నాడు. తాడ్వాయి ఎంతో దూరం లేదని, అక్కడైతే దుకాణాలూ నీళ్లూ ఉంటాయని మా ఆయన అన్నాడు. "ఆపు కొడుకా," అన్నాడు మామ. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. మా ఆయన ఆపాడు.

మామ దిగి వెనక్కి పోయి అందర్నీ దిగమన్నాడు. లారీ పక్కన నిలబడొద్దని, వెనక వైపు దూరంగా పోయి నీడన కూర్చోమని చెప్పాడు. ముసలాయన భయం మళ్లీ మొదలైందని ఎవరో గొణిగారు. ఇంకెవరో నవ్వారు. అవ్వ బెల్లం ముద్దలను వదిలి దిగనని మొండికేస్తే, మామే ఆ మూట దింపించి, అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చెట్టు కింద కూర్చోబెట్టాడు.

ఈలోపు మా ఆయన బానెట్ ఒక పక్క లేపాడు. ఒక్కసారిగా ఆపితే నీళ్లు మసిలి పైకి పొంగుతాయని ఇంజన్‌ను నిదానంగా నడవనిచ్చాడు. అది అందరూ చేసేదే. ఫ్యాను గాలి లాగుతోందో లేదో చూద్దామని లోపలికి వంగి, ఎక్సలేటర్ రాడ్డును చేత్తో లాగి ఇంజన్‌ను రేజ్ చేశాడు. నేను క్యాబిన్‌కు అవతలి వైపు మెట్టు దగ్గరున్నాను. వెనక నుంచి వస్తున్న మామ, కొడుకు ఎక్కడ నిలబడ్డాడో చూశాడు. అరవలేదు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం నేను అప్పుడే చూశాను, మళ్లీ చూడలేదు. చొక్కా కాలర్ పట్టుకుని కొడుకును వెనక్కి గుంజాడు.

ఇనుప తలుపు మీద బండరాయి వేసినట్టు చప్పుడైంది. వెంటనే బుస్సుమని ఆవిరి లేచి లారీ మూతిని కమ్మేసింది. ఇంజన్ కడకడలాడుతూ కొట్టుకుంది. లోపల చెయ్యి పెట్టి ఇంజన్ ఆపే తీగను ఎవరు లాగారో అనుకున్నాను, నేనే లాగాను. తర్వాత అడవిలో ఏ చప్పుడూ లేదు.

అటు తిరిగి చూస్తే మా ఆయన రోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. బానెట్ పక్కరేకు కత్తెరతో కోసినట్టు బారుగా చీలి ఉంది. ఆ చీలికలోంచి అవతలి చెట్లు కనిపిస్తున్నాయి. మామ నిలబడే ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి కింద తెరుచుకుని ఉంది. ఇంకెవరి చెయ్యో చూస్తున్నట్టు దాన్ని చూసుకుంటున్నాడు.

"నీకేమన్న తాకిందా?" అని కొడుకును అడిగాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "అందర్ని చూడుండ్రి, అవ్వను చూడుండ్రి," అని చెప్పి, అప్పుడు మెల్లగా రోడ్డు మీద కూర్చున్నాడు.

మేడారం తల్లులకు పెట్టడానికి తెచ్చిన కొత్త జాకెట్ గుడ్డలతో నేను ఆయన చేతికి కట్టు కట్టాను. ఒకటి తడిసిపోతే ఇంకొకటి. నవ్వినవాళ్లు, గొణిగినవాళ్లు దగ్గరికొచ్చి తమ మూటల్లోంచి గుడ్డలు అందించారు. అటుగా వచ్చిన జీపు ఒకటి మమ్మల్ని ములుగు దవాఖానకు చేర్చింది. మిగతావాళ్లు బస్సులు పట్టుకుని మేడారం పోయారు. అవ్వ తన మొక్కుతోపాటు మామ పేర కూడా బంగారం ఇచ్చి, ప్రసాదం తెచ్చి ఆయన తలగడ కింద పెట్టింది.

తర్వాత లారీని లాక్కొచ్చి ఫ్యాను విప్పారు. ఒక రెక్క మొదలు దగ్గర విరిగిపోయింది. విరిగినచోట సగం కొత్త ఇనుములా మెరుస్తోంది, సగం తుప్పుపట్టి గోధుమరంగులో ఉంది. అంటే ఆ పగులు ఎంతో ముందు నుంచే లోపల ఉంది. ఇంకో రెక్క మీద నల్లరంగు గీకితే సుత్తి దెబ్బలు బయటపడ్డాయి. మాకంటే ముందు ఆ బండి ఎవరి దగ్గర ఉండగానో ఫ్యాను దేనికో తగిలి వంగితే, కొట్టి సరిచేసి రంగు పూశారు. వంపు సరిగా లేని రెక్క గాలి సరిగా లాగదు, ఊగుడు ముదిరాక అసలే లాగలేదు, అందుకే వేడి. బరువు సరితూగని ఫ్యాను ఊగింది, అందుకే బేరింగ్ పోయింది. ఊగి ఊగి పక్క రెక్క చీలింది. మేం నూగు దులిపినప్పుడూ, బెల్టు బిగించినప్పుడూ, పైపు మార్చినప్పుడూ అది మా ముందే తిరుగుతోంది. మా ఆయన ఇదంతా చెబుతుంటే మామ కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు. "అదా సంగతి," అన్నాడు. విరిగిన ముక్క దొరికిందా అని అడిగాడు. ఎంత వెతికినా దొరకలేదని మా ఆయన చెప్పాడు.

చెయ్యి మానింది గానీ నరాలు తెగడంతో వేళ్లు ముడుచుకోవు. ఎడమ చేత్తో అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. పాపకు జడ అల్లడం కూడా ప్రయత్నించేవాడు, అది మాత్రం కుదరలేదు. లారీ తుక్కుకు పోయింది. మా ఆయన చిన్న ట్రాలీ బండి కొనుక్కున్నాడు. ‘నేను అప్పుడే చెప్పాను కదా’ అన్న మాట మామ నోట ఎన్నడూ రాలేదు. మా ఆయన కూడా ఆ రోజు గురించి తండ్రితో ఎన్నడూ మాట్లాడలేదు. పొద్దున బండి తీసే ముందు మాత్రం వరండా వైపు చూసేవాడు. మామ తల ఊపితేనే కదిలేవాడు.

ఆయనకు ఎట్లా తెలిసిందని ఒకసారి నేనే అడిగాను.

"తెల్వలే బిడ్డా. భయమైంది. భయమైతె ఆగాలె. గంతే."

చివరి వారం ఊపిరి అందక దవాఖానలో చేరాక, ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే పక్కనున్నాను. కళ్లు తెరిచి నన్ను చూశాడు. "భయమైతాంది బిడ్డా," అన్నాడు. ఈసారి ఆపడానికి ఏమీ లేదు. ఆయన కుడి చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఆ వేళ్లు నా చేతిని తిరిగి పట్టుకోలేవని తెలుసు. అయినా ఆ చెయ్యే తీసుకున్నాను.

బూడిద కలపడానికి ఏటూరునాగారం దగ్గర గోదావరికి పోయాం. ట్రాలీలో మేమిద్దరమే, నా ఒళ్లో కుండ. పస్రా దాటాక మా ఆయన చెప్పకుండానే బండి పక్కకు తీసి ఆపాడు. ఆ చోటు నేను గుర్తుపట్టలేదు, ఆయన గుర్తుపట్టాడు. దిగి రోడ్డు దాటి అడవిలోకి నడిచాడు. టేకు ఆకులు రాలి నేలంతా ఎర్రగా ఉంది, ప్రతి అడుగూ వినిపిస్తోంది. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, మనిషి ఛాతీ ఎత్తున మొద్దు చుట్టూ అరచేత్తో తడిమి చూస్తున్నాడు. ఏ చెట్టు ఆ ఇనుపముక్కను మింగిందో, దాని మీద బెరడు ఎంత మందాన పెరిగిందో. నేను రెండుసార్లు పిలిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు, ఆ తర్వాత ఇంకో చెట్టు దగ్గరికి. కాసేపటికి చొక్కా కనిపించడం మానేసింది, ఎండుటాకుల చప్పుడు మాత్రం లోపలికి, ఇంకా లోపలికి పోతూ వినిపించింది.